గడ్డికొండల్ని ఎవరు చేశారు?

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం. ఈ సంచిక కోసం అక్కడక్కడ సరిచేసి ఇచ్చాను.)



నన్ను గిరిజన బాలికల చదువు గురించి మాట్లాడమన్నారు. ఆ మాట ప్రతి ఏడాదీ ఏదో ఒక సభలో చెబుతూనే ఉన్నాను, మీరూ వింటూనే ఉన్నారు. ఈసారి అధ్యక్షుల వారిని అడిగి విషయం మార్చుకున్నాను. కొండల మీద గడ్డి గురించి, చెట్ల గురించి, వేల ఏళ్ల కిందట వాతావరణం మారినప్పుడు అవి ఏం చేశాయన్న దాని గురించి చెబుతాను. వార్డెనమ్మకు ఈ సంగతులెందుకు అనుకోకండి. నేను బి.ఎడ్. చదివింది జీవశాస్త్రంతోనే. ఈ విషయం వెనక మా హాస్టల్లో జరిగిన ఒక సంగతి కూడా ఉంది.

రెండేళ్ల కిందట పర్యావరణం మీద ఒక వ్యాసరచన పోటీ వచ్చింది. ఎవరు పెట్టారో ఇక్కడ అక్కర్లేదు. మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె అందులో బహుమతి తెచ్చుకుంది. అందరం చప్పట్లు కొట్టాం. సాయంత్రం ఆ కాగితం తీసుకుని చదివాను. రెండో పేరాలో ఇలా ఉంది: మా తాతలు అజ్ఞానంతో అడవిని తగలబెట్టారు, అందుకే మా కొండలు బోడి అయ్యాయి, వాళ్ల తప్పును మేము చెట్లు నాటి సరిదిద్దాలి. దస్తూరి ముత్యాల్లా ఉంది. ఒక్క అక్షరదోషం లేదు. 

పిల్లను పిలిచి, ఈ మాట ఎవరు చెప్పారమ్మా అని అడిగాను. ఆ పిల్ల నా మొహం వైపు చూసి, "మీరే కదా మేడమ్, స్టడీ అవర్లో చెప్పారు" అంది.

నిజమే. నేనే చెప్పాను. నా టీచర్లు నాకు చెప్పిన మాట అది. గడ్డి కనిపిస్తే అక్కడ ఒకప్పుడు అడవి ఉండేదనీ, దాన్ని ఎవరో కాల్చేశారనీ, ఆ ఎవరో కొండవాళ్లేననీ నాకు చెప్పారు. ఇరవై ఏళ్లుగా నేనూ అదే చెబుతూ వచ్చాను. నేను కొండదొరల ఇంట్లో పుట్టిన దాన్ని. మా తాత పోడు కొట్టినవాడే. అయినా ఆ మాట ఎంతవరకు నిజమని ఒక్కసారీ ఆలోచించలేదు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత వేసవి సెలవుల్లో మా ఇంట్లోవాళ్లందరం ఊటీ వెళ్లాం. బోటు ఎక్కాం, పూలతోట చూశాం, చాక్లెట్లు కొన్నాం. దొడ్డబెట్టకు వెళ్లే దారిలో జీపు డ్రైవరు రెండు పక్కలా ఉన్న యూకలిప్టస్ చెట్లు చూపించి, "ఇదంతా ఒకప్పుడు వేస్ట్ ల్యాండ్ మేడమ్, వట్టి గడ్డి. బ్రిటిష్ వాళ్లు వచ్చి చెట్లు పెంచాకే ఇలా పచ్చగా అయింది" అన్నాడు. మన పిల్ల వ్యాసం, ఆ డ్రైవరు మాట ఒకే అచ్చులో పోసినట్టు అనిపించాయి. ఇంటికి వచ్చాక ఆ గడ్డి సంగతేమిటో తెలుసుకోవాలని చదవడం మొదలుపెట్టాను. మీకు చెప్పబోయేది ఆ చదివినదే.

ముందు ఆ కొండలు ఎలా ఉంటాయో చెప్పాలి. నీలగిరి పీఠభూమి 2,000 మీటర్ల పైన ఉంటుంది. దొడ్డబెట్ట శిఖరం 2,637 మీటర్లు. మన జిల్లాలో ఎత్తైన కొండలు కూడా 1,700 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి మనకున్న చలి కంటే అక్కడ ఎక్కువ. మనుషులు మార్చకముందు ఆ పైభాగం ఒక అతుకుల బొంతలా ఉండేది. కొండ వీపుల మీద, వాలుల మీద విశాలంగా గడ్డి. కొండల మడతల్లో, గెడ్డలు పుట్టే చోట్ల చిక్కటి పొట్టి అడవి. ఆ అడవిని అక్కడివాళ్లు షోల అంటారు. గడ్డికీ షోలకూ మధ్య హద్దు గీత గీసినట్టు ఉంటుంది. ఒక అడుగు ఇటు వేస్తే ఎండ, గాలి, గడ్డి. ఒక అడుగు అటు వేస్తే నాచు, చీకటి, చెమ్మ.

ఈ గీత ఎందుకు వచ్చిందన్నది పాత తగాదా. 1938లో ఇద్దరు అటవీ అధికారులు దీని మీద రాశారు. సి.ఆర్. రంగనాథన్ గారు చలి రాత్రుల్లో కురిసే గడ్డమంచే కారణమన్నారు. బయట గడ్డిలో రాత్రి మంచు పేరుకుంటుంది, లేత చెట్టు మొలక మాడిపోతుంది. షోల లోపల మాత్రం చెట్ల నీడ దుప్పటిలా వెచ్చగా ఉంచుతుంది, మొలక బతుకుతుంది. చలికాలంలో లంబసింగి, చింతపల్లి వైపు తెల్లారకముందు తిరిగిన వాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. ఎన్.ఎల్. బోర్ అనే ఇంకో అధికారి వాదన వేరు. మనుషులు పెట్టిన నిప్పే అడవిని గడ్డిగా మార్చిందని ఆయన అన్నాడు. నిప్పు పెట్టేది ఎవరు? అక్కడ గేదెలు మేపుకునే తోడాలు.

అదిగో, మళ్లీ మనవాళ్లే. తోడాలు చాలా చిన్న తెగ. గేదెలే వాళ్ల బతుకు, గేదెలే వాళ్ల దేవుడు. పాలు నిలవ ఉంచే పాక వాళ్లకు గుడి. పీపాను అడ్డంగా కోసినట్టుండే వాళ్ల ఇళ్ల బొమ్మలు మీరు పుస్తకాల్లో చూసే ఉంటారు. గడ్డి లేకపోతే వాళ్లకు గేదె లేదు, ఇంటి కప్పు లేదు, పూజ లేదు. అలాంటి మనుషుల నెత్తిన అడవిని పాడుచేశారన్న నింద పడింది.

ఇప్పుడు ఈ తగాదా తీర్చడం ఎలా? ఇరవై వేల ఏళ్ల కిందట చూసినవాళ్లెవరూ లేరు. అయితే నీలగిరి లోయల్లో ఒక సాక్షి ఉంది. అది నల్లటి చిత్తడి మట్టి. ఇంగ్లీషులో పీట్ అంటారు. కొండల మధ్య పల్లంలో నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటే, అందులో పడిన ఆకు, గడ్డి, వేరు పూర్తిగా కుళ్లవు. కుళ్లడానికి గాలి కావాలి కదా. నీటి కింద గాలి ఆడదు. అందుకని ఏటా కొంచెం కొంచెం పేరుకుంటూ పోతుంది. పైపొర ఈ ఏటిది. కిందికి పోయేకొద్దీ పాతది. మన ఇళ్లలో అమ్మమ్మ ట్రంకు పెట్టె ఉంటుంది చూడండి, పైన మొన్నటి చీర, అడుగున ఆవిడ పెళ్లి చీర. అలాగన్నమాట.

పొర వయసు చెప్పడానికి కార్బన్-14 అనే గడియారం ఉంది. బతికి ఉన్న మొక్కలో అది కొద్దిగా ఉంటుంది. మొక్క చనిపోయాక కొత్తది చేరదు, ఉన్నది తగ్గుతూ పోతుంది. 5,730 ఏళ్లకు సగం అవుతుంది, మళ్లీ అన్నేళ్లకు ఆ సగంలో సగం. ఎంత మిగిలిందో కొలిస్తే వయసు తెలుస్తుంది. ఇది మా పదో తరగతి పిల్లలకు కూడా అర్థమైంది.

అసలు చమత్కారం రెండోది. ఆ నల్లమట్టిలో పడింది గడ్డా చెట్టా అని ఎలా చెబుతారు? అంతా మెత్తగా బురదైపోయింది కదా. దీనికి మొక్క తినే తిండిని చూడాలి. మొక్కలు గాలిలోని బొగ్గుపులుసు వాయువు తిని బతుకుతాయి. ఆ వాయువులో ఎక్కువ భాగం తేలికపాటి కార్బన్-12. నూటికి ఒక వంతు మాత్రం కొంచెం బరువైన కార్బన్-13. చెట్లూ చాలా రకాల మొక్కలూ ఈ బరువైనదాన్ని వీలైనంత వరకు వదిలేస్తాయి. మా హాస్టల్లో ఉప్మా పెట్టినప్పుడు కరివేపాకు ఏరి కంచం అంచున పెట్టే పిల్లలు ఉంటారు, అలాగ. వేడి ప్రాంతాల గడ్డి జాతులు చాలా వరకు అలా ఏరవు. పెట్టింది పెట్టినట్టు తినేస్తాయి. కాబట్టి వాటి ఒంట్లో కార్బన్-13 కాస్త ఎక్కువ ఉంటుంది. మొక్క చచ్చి మట్టయినా ఆ లెక్క చెరిగిపోదు.

ఏరి తినే మొక్కలను శాస్త్రంలో సి3 అంటారు, ఏరకుండా తినేవాటిని సి4 అంటారు. పేర్లు మరిచిపోయినా పర్వాలేదు, మీ కంచం చూసుకోండి. వరి అన్నం, కందిపప్పు, చిక్కుడు, పనస, మామిడి మొదటి రకం. చోడి అంబలి, సామ అన్నం, జొన్న, మొక్కజొన్న, చెరకు రెండో రకం. అంటే మన పెద్దల కంచం సగం సి4, మా హాస్టల్ కంచం దాదాపు అంతా సి3. హాస్టల్లో చోడిపిండి ఎందుకు పెట్టరని మీరు నన్ను అడగొచ్చు. ఆ ప్రశ్న నాదీ. కానీ దానికి వేరే సభ పెట్టాలి.

ఈ రెండో రకానికి మూడు సంగతులు కలిసొస్తాయి. ఎండ, నీటి ఎద్దడి, గాలిలో బొగ్గుపులుసు వాయువు తక్కువగా ఉండడం. వానలు మెండుగా ఉండి చెమ్మ ఎక్కువైతే మొదటి రకానిది పైచేయి. కాబట్టి మట్టి పొరలో కార్బన్-13 చూస్తే అప్పుడు ఎలాంటి మొక్కలు ఉండేవో, దాన్ని బట్టి వాన ఎలా ఉండేదో చెప్పొచ్చు.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రామన్ సుకుమార్ గారు, ఏనుగుల మీద పరిశోధనకు ప్రపంచమంతా పేరున్న మనిషి, తన తోటి శాస్త్రవేత్తలతో కలిసి నీలగిరి నల్లమట్టిని ఇలా చదివారు. 1993లో నేచర్ పత్రికలో ఆ ఫలితం వచ్చింది. తర్వాత ఊటీ దగ్గర సాండినల్లా లోయ మట్టితో ఆ లెక్కను సుమారు 40 వేల ఏళ్ల వెనక్కి తీసుకెళ్లారు.

ఏం కనిపించిందంటే, సుమారు 20 వేల నుంచి 16 వేల ఏళ్ల మధ్య పొరల్లో గడ్డి గుర్తు బలంగా ఉంది. అది భూమి మీద గత మంచు యుగం ముదిరిన కాలం. ఉత్తరాన ఐరోపా, అమెరికా ఖండాల మీద కిలోమీటర్ల మందాన మంచు పరుచుకుని ఉండేది. మన దగ్గర అంత మంచు లేదు. కానీ నేల చల్లబడితే నైరుతి రుతుపవనాలకు బలం తగ్గుతుంది. వేసవిలో నేల కాలితేనే కదా సముద్రం మీది గాలి ఇటు పరుగెత్తుకొచ్చేది. వాన తగ్గింది. గాలిలో బొగ్గుపులుసు వాయువు కూడా అప్పుడు పది లక్షల వంతుల్లో 180, 190 దగ్గరే ఉండేది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాత గాలి బుడగలను కొలిచి ఈ సంగతి చెప్పారు. ఫ్యాక్టరీలు రాకముందు అది 280. ఇప్పుడు 420 దాటింది. చలి, ఎండు, పైగా తిండి తక్కువ. చెట్టుకు అన్నీ కష్టాలే. ఏరకుండా తినే గడ్డి కొండంతా పరుచుకుంది.

ఆ తర్వాత భూమి వెచ్చబడింది, వానలు బలపడ్డాయి. 10 వేల ఏళ్ల కిందటి ప్రాంతానికి వచ్చేసరికి పొరల్లో మొదటి రకం మొక్కల గుర్తు పెరిగింది. మడతల్లో తలదాచుకున్న షోల అడవి బయటికి అడుగేసిందని దానికి అర్థం చెప్పారు. ఆ కథ అక్కడితో ఆగలేదు. సుమారు 5 వేల ఏళ్ల కిందట మళ్లీ ఎండు కాలం, మళ్లీ గడ్డిది పైచేయి. సుమారు 600 ఏళ్ల కిందట కొద్దికాలం తడి. అడవీ గడ్డీ ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఒకదానికొకటి చోటిచ్చుకుంటూ వచ్చాయి.

ఇక్కడ నేను ఒక జాగ్రత్త చెప్పాలి. మొదటి రకం అంటే అన్నీ చెట్లే అనుకోకూడదు. తడి నేలలో పెరిగే తుంగ జాతుల్లో, చల్లటి చోట్ల గడ్డుల్లో కూడా ఆ రకం ఉన్నాయి. అందుకని శాస్త్రవేత్తలు కార్బన్ లెక్కతో సరిపెట్టుకోరు. అదే మట్టిలో నిలిచిపోయిన పుప్పొడి రేణువులను కూడా సూక్ష్మదర్శినిలో చూస్తారు. 1970ల నుంచే నీలగిరి పుప్పొడి మీద పని జరిగింది. ఏ పొరలో అడవి ఎంత, గడ్డి ఎంత అన్న వివరాల మీద ఇంకా వాదనలున్నాయి. అయితే గడ్డి అక్కడ వేల, పదివేల ఏళ్లుగా ఉందన్న మాట మీద మట్టి సాక్ష్యం గట్టిది.

ఇప్పుడు తోడాల దగ్గరికి రండి. రాతలో వాళ్ల పేరు మొదట కనిపించేది 1117 నాటి హొయసల శాసనంలో. వాళ్లు అంతకంటే ఎంతో ముందే వచ్చారనుకుందాం. వెయ్యేళ్లు ముందు అనుకోండి, రెండు వేలు అనుకోండి. 20 వేల ఏళ్ల కిందటి గడ్డిని వాళ్లు చేయలేదు కదా. వాళ్లు వచ్చేనాటికే గడ్డి ఉంది. గడ్డి ఉంది కాబట్టే గేదెలు మేపుకునే మనుషులు అక్కడ బతకగలిగారు. కథ తిరగబడింది. ఈ మాట చదివిన రోజు నేను హాస్టల్ వరండాలో లేచి అటూ ఇటూ తిరిగాను. వంటమనిషి అక్క, "ఏంటమ్మా, బిల్లు పాసైందా?" అని అడిగింది.

తోడాలు నిప్పు పెట్టలేదని నేను చెప్పడం లేదు. ముదిరిన గడ్డిని కాలిస్తే లేత చిగురు వస్తుంది, గేదెలు తింటాయి. ఆ పని వాళ్లు చేశారు. ఆ నిప్పు షోల అంచును కొన్నిచోట్ల వెనక్కి నెట్టి ఉంటుంది కూడా. కానీ గడ్డి కాస్త జరగడం వేరు, గడ్డి పుట్టడం వేరు.

మరి ఆ గడ్డికి అసలు నష్టం ఎప్పుడు జరిగింది? 1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ నీలగిరి ఎక్కాడు. తర్వాత ఊటీ కట్టారు. దొరలకు చలి కాచుకోవడానికి వంటచెరకు కావాలి. ఆస్ట్రేలియా నుంచి వాటిల్, యూకలిప్టస్ తెచ్చి గడ్డి మీద నాటారు. వాటిల్ బెరడు తోళ్లు ఊనడానికి పనికొస్తుంది. రెవెన్యూ లెక్కల్లో పన్ను రాని నేల బంజరు. బంజరులో చెట్టు నాటితే పుణ్యమే కదా, ఎవరడుగుతారు? స్వాతంత్ర్యం వచ్చాక ఈ నాటడం తగ్గలేదు, ఇంకా పెరిగింది. షోల మొలకను చంపే గడ్డమంచు వాటిల్‌ను ఆపలేకపోయింది. గింజ పడిన చోటల్లా లేచింది. తమిళనాడులోనే పళని కొండల మీద చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. అక్కడి కొండ గడ్డిభూముల్లో మూడింట రెండు వంతులు నాలుగు దశాబ్దాల్లోనే కలప తోటలకు, సాగుకు పోయాయని ఉపగ్రహ చిత్రాలు చూసి తేల్చారు. మంచు యుగం వచ్చి పోయినా నిలిచిన గడ్డి అది. తెలుగులో ఎవరినైనా తిట్టాలంటే పోరంబోకు అంటాం. అది నేలకు పెట్టిన పేరు. నేలకు అలాంటి పేరు పెట్టాక దాని మీద బతికేవాళ్లకూ ఆ పేరే అంటుకుంటుంది.

మన పిల్ల వ్యాసంలో చివరి మాట గుర్తుందా, చెట్లు నాటి సరిదిద్దాలి అని. నీలగిరిలో నిజంగా అలాగే సరిదిద్దారు.

వాతావరణం మారినప్పుడు కొండ మొక్కలు ఏం చేస్తాయన్నది నీలగిరికే పరిమితం కాదు. దక్షిణ అమెరికాలో కొలంబియా దేశపు ఆండీస్ కొండల్లో థామస్ వాన్ డెర్ హామెన్ అనే శాస్త్రవేత్త పుప్పొడి చదివి ఒక సంగతి చెప్పాడు. ఇప్పుడు అక్కడ అడవి 3,200 మీటర్ల ఎత్తు దాకా వెళ్తుంది. దాని పైన చలి గడ్డి, పొదలు. మంచు యుగంలో అడవి అంచు 2,000 మీటర్ల దగ్గరికి దిగిపోయింది. పైన ఉండే చలిగడ్డి కిందికి దిగి విశాలంగా పరుచుకుంది. వెచ్చబడ్డాక అడవి తిరిగి ఎక్కింది, గడ్డి కొండ కొసలకు చేరింది. చలి వస్తే దిగడం, వేడి వస్తే ఎక్కడం. ఊరు ఊరంతా కట్టగట్టుకుని కదిలినట్టు మాత్రం కాదట. ఏ జాతి దాని దారిన అది, దాని వేగంతో అది. కొన్ని ముందు వెళ్లాయి, కొన్ని వెనకబడ్డాయి, కొన్ని పాత పొరుగును వదిలి కొత్త పొరుగుతో కలిశాయి. ఈరోజు మనం చూసే అడవిలో ఉన్న జతలన్నీ ఎప్పటి నుంచో ఉన్నవి కావన్నమాట.

నీలగిరి గడ్డిలో ఎర్రటి పూలు పూసే చిన్న చెట్టు ఒకటుంది, రోడోడెండ్రాన్. గాలికి వంకర తిరిగిన మాను. ఫొటో తీసుకున్నాను. దాని చుట్టాలు ఎక్కడున్నాయో తెలుసా? హిమాలయాల్లో. మధ్యలో దక్కను మైదానాల్లో ఎక్కడా లేదు. ఎలా వచ్చిందన్న దానికి ఒక వివరణ ఏమిటంటే, చలి కాలాల్లో ఇలాంటి మొక్కలు కొండలు దిగి నడిమి కొండల మీదుగా దూరం విస్తరించాయి, వెచ్చబడ్డాక నడుమనున్నవి పోయి ఎత్తైన కొసల మీద మాత్రమే మిగిలాయి. వరద వచ్చి ఊళ్లన్నీ మునిగితే గుట్టల మీద మిగిలిన ఇళ్లలాగ. ఇదొక్కటే వివరణ కాదు, కానీ నాకు నచ్చింది.

పూర్వం మొక్కలకు రెండు సదుపాయాలు ఉన్నాయి. ఒకటి టైము. మంచు యుగం నుంచి వెచ్చని కాలానికి రావడానికి వేల ఏళ్లు పట్టింది. రెండోది దారి. మడతలో దాక్కున్న షోల బయటికి రావాలంటే పక్కన ఖాళీ నేల ఉంది, గడ్డి కిందికి దిగాలంటే వాలు ఉంది. ఇప్పుడు మధ్యలో తేయాకు తోట, హోటలు, రోడ్డు, వాటిల్ అడవి. పైకి పోదామంటే కొండ అయిపోయింది. ఐరోపాలో 302 శిఖరాల మీద మొక్కల పాత లెక్కలను కొత్త లెక్కలతో పోల్చి 2018లో ప్రకటించారు. కింది మొక్కలు శిఖరాలకు ఎక్కుతున్నాయి, ఆ ఎక్కడం ఏటికేడు వేగం పుంజుకుంటోంది. జాతుల సంఖ్య పెరిగింది కదా, మంచిదే కదా అనిపిస్తుంది. కానీ కొస మీద మొదటి నుంచీ ఉన్న పొట్టి చలిమొక్కకు ఇంకో మెట్టు లేదు.

నీలగిరిలో లెక్క ఇంకా తిరకాసు. వేడి పెరిగితే సి4 గడ్డికి లాభం. కానీ గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే ఏరి తినే చెట్లకు లాభం. గడ్డమంచు పడే రాత్రులు తగ్గితే వాటిల్ లాంటి చెట్లకు ఇంకా లాభం. పాత రోజుల్లో చలి, ఎండు, వాయువు తక్కువ అన్నీ ఒకే వైపు లాగాయి, గడ్డి గెలిచింది. ఇప్పుడు తలా ఒక వైపు లాగుతున్నాయి. అందుకే పాత పొరలు చూసి రేపటి సంగతి అచ్చంగా చెప్పేయలేం.

ఇక మన సంగతి. నీలగిరి మట్టి మన కొండల గురించి ఏమీ చెప్పదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రసంగం విని రేపు ఎవరైనా, చూశారా పోడు వల్ల ఏ నష్టం లేదని శాస్త్రమే చెప్పింది అంటారేమో. అలా చెప్పలేదు. మన కొండలు ఎత్తు తక్కువ, అడవి వేరు, వాన వేరు. మన దగ్గర పోడు వల్ల పోయిన అడవి ఉంది. మా ఊరి పైన కొండ నా చిన్నప్పటిలా లేదు, నా కళ్లతో చూశాను. అలాగే కలప కోసం, రోడ్ల కోసం, డ్యాముల కోసం, గనుల కోసం పోయిన అడవీ ఉంది. కాఫీకి నీడనిస్తుందని మన తోటల్లో పెంచుకుంటున్న సిల్వర్ ఓక్ కూడా ఆస్ట్రేలియా చెట్టే. దాని డబ్బుతోనే మా తమ్ముడు ఇల్లు కట్టాడు, కాబట్టి నేను దాన్ని తిట్టను. ఏ కొండ ఎప్పుడు ఎందుకు బోడి అయిందో ఆ కొండ దగ్గరే అడగాలి. అడగకుండా తాతల మీద వేసేయడమే నేను ఇరవై ఏళ్లు చేసిన తప్పు.

ఆ పిల్లకు నేను క్షమాపణ చెప్పాను. వార్డెన్ పిల్లకు సారీ చెబితే క్రమశిక్షణ పోతుందని తోటి మేడమ్ ఒకరు అన్నారు. పోలేదు. ఆ పిల్ల మాత్రం నన్ను వదల్లేదు. "అయితే మేడమ్, మన గెడ్డ పక్కన ఊబిలో కూడా నల్లమట్టి ఉంది కదా, అది ఎన్నేళ్లది?" అంది. ఒక ఆదివారం పొడుగాటి వెదురు తీసుకుని పది మందిమి వెళ్లాం. ఊబిలో గుచ్చితే మూడు మూరలు దిగి రాయి తగిలింది. దాని వయసు చెప్పే యంత్రం మా హాస్టల్లో లేదు. విశ్వవిద్యాలయంలో పనిచేసే నా క్లాస్‌మేట్‌కు ఫోన్ చేశాను. వానలు తగ్గాక వచ్చి చూస్తానంది.

ఈలోపు పిల్లలు ఇంకో పని మొదలుపెట్టారు. కొండ మీద మొలిచే గడ్డి రకాలకు మన ఇళ్లలో ఉన్న పేర్లు రాస్తున్నారు. ఏది ఎద్దు తింటుంది, ఏది తినదు, ఏది కప్పుకు పనికొస్తుంది, ఏది చీపురుకు, ఏది ఈ మధ్య కనిపించడం లేదు. ఇప్పటికి ముప్పైఒక్క పేర్లయ్యాయి. అందులో పద్దెనిమిది మా కాపలా తాత ఒక్కడే చెప్పాడు. ఆయన చదువుకోలేదు. నాకు మొత్తం తొమ్మిదే తెలుసు. కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు ఏ భాషలో పేరున్నా పర్వాలేదు. నోటుపుస్తకం ఆ ఎర్ర రిబ్బను పిల్ల దగ్గర ఉంది. భోజనాల దగ్గర పెద్దవాళ్లు, ముఖ్యంగా పశువులు కాసిన అమ్మలు, ఆ పిల్లను పట్టుకుని మీకు తెలిసిన పేర్లు చెప్పండి. గడ్డి పరక తెచ్చి చూపించినా సరే, ఇంకా మంచిది.